గట్టుకి అవతల మడ దానంతటదే పెరుగుతోంది, చెరువులో నాటింది చచ్చిపోతోంది. ఎందుకు?

రేవుగట్టు:
మాది తాళ్ళరేవు మండలం. కోరింగ మడ అడవికి దగ్గర్లో, పాయ ఒడ్డున నాన్నగారిది రెండెకరాల రొయ్యల చెరువు. తెల్లమచ్చ తెగులుకి వరసగా రెండు పంటలు పోయాక ఇరవై ఏళ్లుగా ఖాళీగా ఉంది. అందులో మడ పెంచుదామని గట్టుకి గండి కొట్టించాను. పోటు నీళ్లు లోపలికి వస్తున్నాయి. మొదటి ఏడాది ఆగస్టులో 400 తెల్లమడ మొక్కలు నాటాను, మరుసటి ఏడాది 600. రెండుసార్లూ సంక్రాంతి దాకా కళకళలాడాయి, ఏప్రిల్ కల్లా పుల్లలు మిగిలాయి. ఎండాకాలంలో నేల మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర. గట్టుకి అవతల పది అడుగుల్లో అదే మొక్క ఎవరూ నాటకుండా నా నడుం దాకా వచ్చింది. అదే నీరు, అదే మట్టి. ఎరువు చాలలేదా?

పచ్చతోరణం:
చౌడు లాగుంది. జిప్సం చల్లి చూడండి, మా పొలంలో పనిచేసింది.

పాతపడవ:
జిప్సం వరిచేల సంగతండి. చల్లాక మంచినీళ్లు పెట్టి కడగాలి. ఇక్కడ వచ్చేదే ఉప్పునీరు, దేంతో కడుగుతారు?

బాబూ రేవుగట్టు, నేను చాలా ఏళ్లు మడ అడవుల్లో కాలువలు తవ్వే పనికి మేస్త్రీగా వెళ్లాను. అదే నీరు అంటున్నావు గానీ, కాదు. అవతల నీరు వచ్చి పోతుంది, నీ చెరువులో వచ్చి కూర్చుంటుంది. చెరువు అడుగు గండి కంటే పల్లంగా ఉండి ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పెద్ద పోటు వచ్చినప్పుడు నిండుతుంది, పాటుకి, అంటే పోటు దిగేటప్పుడు, వెనక్కి పోదు. సముద్రం నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. ఎండకి సగం ఆరితే అది 70. నువ్వు నాటేటప్పుడు వానలు, గోదావరి వరద నీరు ఉన్నాయి కాబట్టి ఉప్పు పలచబడింది. సంక్రాంతి దాకా బతికింది అందుకే.

తెల్లమడ ఆకు ఒకసారి నాలుక మీద పెట్టుకుని చూడు, ఉప్పగా తగులుతుంది. ఎక్కువైన ఉప్పుని ఆకు మీదకి కక్కేస్తుంది. అయినా దానికీ ఒక హద్దుంది. ఇంకోటి, చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచే వేళ్లు ఊపిరి కోసం. నీళ్లు దిగకపోతే అవి ఉక్కిరిబిక్కిరైపోతాయి. జానెడు లోతు తవ్వి మట్టి వాసన చూడు. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు కంపు కొడితే లోపల గాలి లేనట్టే.

పీత బొక్కలు కూడా లెక్కపెట్టు. పీతలు రాలిన ఆకుల్ని లోపలికి లాక్కుపోతాయి, బురదని తిరగేస్తాయి, ఆ బొక్కల్లోంచే నీరూ గాలీ కిందికి దిగుతాయి. లేత మొక్కల్ని కొరికేసేదీ అవే, అది వేరే సంగతి.

1990ల చివర్లో స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్లవాళ్లు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో చేపముల్లు కాలువలు తవ్వించారు. పాతకాలంలో మొత్తం నరికేసిన చోట్ల నేల ఎండకి మాడి, కుంగి, గిన్నెలా అయిపోయింది. నీ చెరువుది అదే జబ్బు. నడుమ పెద్ద కాలువ, రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. గండిని చెరువు అడుగు కంటే కిందికి దించు. మొక్కని కాలువ వాలులో సగం ఎత్తున పెట్టు. అడుగున పెడితే మునుగుతుంది, అంచున పెడితే ఎండుతుంది.

రేవుగట్టు:
నిన్న తాపీమేస్త్రీ నీళ్లపైపుతో లెవెల్ చూశామండి. గండి కంటే చెరువు అడుగు 14 అంగుళాలు కింద ఉంది! గట్టు అవతల చాపంత చోటులో 31 పీత బొక్కలు. లోపల చెరువంతా తిరిగితే రెండు, అవీ గండి పక్కనే. మట్టి కంపు సంగతి ఇంట్లోవాళ్లు నా చొక్కా చూసి చెప్పారు.

లంకగేదె:
కాలువ సరే, గేదెల మాటేంటి? తెల్లమడ ఆకంటే వాటికి ప్రాణం. మావైపు పెంచిన మొక్కలు ఒక్క వారంలో నాకేశాయి. పాత వలైనా కట్టు అన్నా.

పాతపడవ:
నిజమే, వల కట్టు. ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో ఒక మాట చెప్పు, తర్వాత గొడవ ఉండదు. వానలకి ముందే తవ్వకం అయిపోవాలి. తొలి ఏడు డబ్బు పెట్టి మొక్కలు కొనకు. మడ కాయలు పోటుకి తేలుతూ లోపలికి వస్తాయి, ఎక్కడ నిలదొక్కుకుంటాయో చూసి మిగతావి ఆ ఎత్తులోనే నాటు. గట్టు మీద తిల్ల చెట్టు ఉంటే కూలీలకి ముందే చెప్పు, కొట్టేటప్పుడు దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం.