జీరో క్రాసింగ్ ఎస్ఎస్ఆర్ అన్ని లోడ్లకీ పనికొస్తుందా?

కొత్తచేయి:
సప్లై 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఒకే ప్యానెల్‌లో 2 కిలోవాట్ల హీటరూ, 1 కేవీఏ టొరాయిడల్ (గుండ్రటి రింగు కోర్ ఉన్న) ట్రాన్స్‌ఫార్మరూ ఉన్నాయి. రెండిటికీ జీరో క్రాసింగ్ సాలిడ్ స్టేట్ రిలేలే పెట్టాను. హీటర్‌తో ఇబ్బంది లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆన్ చేయగానే ధబ్‌మంటుంది, అప్పుడప్పుడు ఎంసీబీ ట్రిప్ అవుతోంది. సున్నా వోల్టు దగ్గరే ఆన్ అవుతున్నప్పుడు అంత కరెంటు ఎందుకు లాగుతోంది?

ప్యానెల్ మూర్తి:
సి కర్వ్ ఎంసీబీ తీసి డి కర్వ్ పెట్టండి, అది ఆన్ చేసినప్పుడు వచ్చే ఎక్కువ కరెంటుని ట్రిప్ అవ్వకుండా ఓర్చుకుంటుంది. రిలే జోలికి పోవద్దు. పీక్ దగ్గర, అంటే 325 వోల్టుల దగ్గర ఆన్ అయితే వచ్చే నాయిస్ పక్కనున్న కంట్రోలర్లన్నిటినీ తికమక పెడుతుంది.

వైండర్77:
మూర్తి గారూ, ట్రాన్స్‌ఫార్మర్‌ని సున్నా దగ్గర ఆన్ చేయడమే అన్నిటికన్నా చెడ్డది. మామూలుగా నడిచేటప్పుడు ఒక హాఫ్ సైకిల్‌లో కోర్ ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత ప్రవాహం) మైనస్ గరిష్ఠం నుంచి ప్లస్ గరిష్ఠానికి వెళ్తుంది. సున్నా వోల్టు దగ్గర మొదలుపెడితే అదే మార్పు సున్నా నుంచి మొదలై రెట్టింపు దాకా పోవాలి. అంత ఫ్లక్స్ కోర్ మోయలేదు, సాచురేట్ అవుతుంది, అంటే నిండిపోయి ఇక కరెంటుని అడ్డుకోదు. ఇక కరెంటుని ఆపేది రాగి తీగ రెసిస్టెన్స్, సప్లై ఇంపీడెన్స్ మాత్రమే. టొరాయిడ్‌లో గాలి ఖాళీ ఉండదు కాబట్టి ఆఫ్ చేశాక కూడా అయస్కాంతత్వం బాగా మిగులుతుంది. అది అదే దిక్కున ఉంటే ఇంకా ఘోరం. డి కర్వ్ పెడితే ట్రిప్ ఆగుతుందేమో, ఆ కరెంటు ఎక్కడికీ పోదు.

ప్యానెల్ మూర్తి:
నేను ముందు పనిచేసిన చోట హీటర్లకి ఎవరో ర్యాండమ్ రిలేలు (సున్నా కోసం ఆగకుండా ట్రిగ్గర్ రాగానే ఆన్ అయ్యేవి) పెట్టారు. టెంపరేచర్ రీడింగులు ఎగిరేవి. నెలల తరబడి మాటలు పడ్డది నేను. జీరో క్రాసింగ్‌వి పెట్టిన రోజే సమస్య పోయింది. నా కళ్ళతో చూసింది కాదంటే ఎలా?

వైండర్77:
అది హీటర్. ఇక్కడ అడిగింది ట్రాన్స్‌ఫార్మర్ గురించి.

ప్యానెల్ మూర్తి:
సరే, ర్యాండమ్ రిలే పీక్ దగ్గరే ఆన్ అవుతుందని గ్యారంటీ ఏది? పేరులోనే ఉంది కదా ర్యాండమ్ అని. సున్నా దగ్గర కూడా పడొచ్చు. దీనికి జవాబు చెప్పండి.

వైండర్77:
రిలేకి ఆ సంగతి తెలియదు, దానికి ట్రిగ్గర్ ఇచ్చే కంట్రోల్ బోర్డు చూసుకోవాలి. సున్నాని పసిగట్టి 5 మిల్లీసెకన్లు ఆగి ట్రిగ్గర్ ఇస్తే పీక్ దగ్గర పడుతుంది.

లోడ్‌సైడ్:
ఇంత గొడవెందుకు, హీటర్‌కి కూడా ఫేజ్ యాంగిల్ (ప్రతి హాఫ్ సైకిల్‌లో కొంత ఆగి ఆన్ చేయడం) పెట్టేయొచ్చుగా?

స్కోప్ లక్ష్మి:
హీటర్‌కి అవసరం లేదండి. అది నెమ్మదిగా వేడెక్కుతుంది. సెకనులో 50 సైకిళ్ళు ఉంటే 30 ఆన్, 20 ఆఫ్ ఇస్తే 60 శాతం పవర్, నాయిస్ తక్కువ. దీపాలకి మాత్రం ఇది పనికిరాదు, కళ్ళ ముందు మినుకుమంటాయి.
ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఇంకొకటి. ఆన్ ఎక్కడ చేసినా ట్రయాక్ (రిలే లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్) ఆఫ్ అయ్యేది కరెంటు సున్నాకి వచ్చినప్పుడే. ఇండక్టివ్ లోడ్‌లో ఆ క్షణానికి వోల్టేజ్ అప్పటికే చాలా ఎక్కువగా ఉండొచ్చు. అప్పుడు జీరో క్రాసింగ్ ఆప్టో (ట్రయాక్‌ని ట్రిగ్గర్ చేసే భాగం) మళ్ళీ ట్రిగ్గర్ అవ్వక ఒక హాఫ్ సైకిల్ వదిలేస్తే లోడ్‌లోకి డీసీ చేరుతుంది. ముందు రెండు హాఫ్ సైకిళ్ళూ వస్తున్నాయో లేదో స్కోప్‌లో చూడండి.

వైండర్77:
సరిగ్గా అలా డీసీ తిని కాలిన ట్రాన్స్‌ఫార్మర్లే నా దగ్గరికి వారంటీ కింద తిరిగొస్తున్నాయి! మూర్తి గారూ, మీలా ‘రిలే ముట్టుకోవద్దు’ అనేవాళ్ళు వైండింగ్ లోపమని చీటీ రాసి పంపుతారు. మళ్ళీ చుట్టే ఖర్చు నాది, చెడ్డపేరు నాది.

ప్యానెల్ మూర్తి:
చెడ్డపేరు మీ ఒక్కరికేనా? రాత్రి షిఫ్ట్‌లో రిలే పోతే మార్చేది నా మనుషులు. రెండు రకాలూ బయటికి ఒకేలా ఉంటాయి, తేడా నంబర్‌లో ఒకటి రెండు అక్షరాలు. స్టోర్‌లో రెండూ ఉంటే నిద్రకళ్ళతో ర్యాండమ్‌ది తీసి హీటర్‌కి బిగిస్తారు. తెల్లారి సంజాయిషీ చెప్పేది నేను. అందుకే ఒకే రకం ఉండాలంటాను. మీరు ఫ్లక్స్ గురించి ఎంత చెప్పినా దీనికి జవాబు లేదు.

వైండర్77:
ఈ మాట మొదట్లోనే అనాల్సింది. ఒకే రకం కావాలంటే జీరో క్రాసింగ్‌దే ఉంచండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి సిరీస్‌లో రెసిస్టర్ పెట్టి, కాసేపాగి మామూలు రిలేతో బైపాస్ చేయండి.

లోడ్‌సైడ్:
ఎన్‌టీసీ (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే రెసిస్టర్) చాలదా?

ప్యానెల్ మూర్తి:
చాలదు. కరెంటు పోయి వెంటనే వస్తే ఎన్‌టీసీ ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డుకోదు. ఇక రెసిస్టర్, బైపాస్ రిలే అంటే చెడిపోవడానికి ఇంకో రెండు వస్తువులు. నాకు నచ్చలేదు.

కొత్తచేయి:
స్కోప్‌లో చూశాను, రెండు హాఫ్ సైకిళ్ళూ వస్తున్నాయి. రెసిస్టర్ పెడదామనుకుంటున్నా. ఎన్ని ఓమ్‌లు?

వైండర్77:
33 ఓమ్‌ల వైర్‌వౌండ్ సరిపోతుంది. కోర్ పూర్తిగా సాచురేట్ అయినా పీక్ కరెంటు 10 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది.

ప్యానెల్ మూర్తి:
పెట్టేటట్టయితే దానికి థర్మల్ ఫ్యూజ్ తగిలించండి. ఫుల్ లోడ్ మీద బైపాస్ రిలే మూసుకోకపోతే ఆ రెసిస్టర్‌లో వందల వాట్లు కాలుతాయి. ఒకే రకం రిలే అన్న మాట మాత్రం నేను వదలను.