బడి కబుర్లన్నీ ఫోనుకే రావాలా?

ఏడో తరగతి నాన్న:
మా అమ్మాయి బడిలో డైరీ ఎత్తేసి యాప్ పెట్టారు. హాజరు, హోంవర్క్, ఫీజు గడువు, మార్కులు అన్నీ అందులోనే. తరగతికో వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. నిన్న పరీక్షకు ఏ పాఠాలో చూద్దామంటే "ధన్యవాదాలు టీచర్" అన్న మెసేజ్‌లన్నీ దాటుకుంటూ పైదాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ విసుగు అలా ఉంచితే, బడి నుంచి ఎంత ఎక్కువ సమాచారం వస్తే అంత మేలనే నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

సైన్సు టీచర్:
నేను కాదంటాను. రాత్రి పదిన్నరకు "మావాడికి రెండు మార్కులు ఎందుకు తగ్గాయి?" అని మెసేజ్ వస్తుంది. చూసినట్టు నీలం గీతలు పడ్డాయంటే జవాబు బాకీ పడ్డట్టే. తెల్లారేసరికి "చూసి కూడా పలకలేదు" అని ప్రధానోపాధ్యాయుడికి ఫిర్యాదు. డైరీలో రాయాలంటే తల్లిదండ్రులు కాస్త ఆలోచించేవారు. ఆ ఆలోచనలోనే సగం ప్రశ్నలు తీరిపోయేవి.

గణాంకాల మనిషి:
ఎవరి అనుభవం వారిదే గాని, దీని మీద పరిశోధనలూ ఉన్నాయి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో 22 బడుల్లో తల్లిదండ్రులకు తమ పిల్లల గైర్హాజరు, ఇవ్వని హోంవర్క్, తగ్గిన మార్కుల గురించి మాత్రమే ఎస్సెమ్మెస్‌లు పంపారు. సబ్జెక్టులు తప్పడం 28 శాతం తగ్గింది, తరగతి హాజరు 12 శాతం పెరిగింది. వాటిని కంప్యూటరే పంపింది, టీచర్ కూర్చుని టైపు చేయలేదు. పైగా ఎవరి పిల్లల సంగతి వారికే వెళ్లింది, గ్రూపులో పడలేదు.

వాషింగ్టన్ నగరంలో ఇలాంటి మెసేజ్‌ల మీదే ఇంకో ప్రయోగం చేశారు. "కావాలంటే మీరే వెబ్‌సైటులో నమోదు చేసుకోండి" అన్నప్పుడు చేరినవారు నూటికి ఒక్కరు. బడే అందరినీ చేర్చి, వద్దంటే మానుకోవచ్చు అన్నప్పుడు 95 శాతానికి పైగా ఉండిపోయారు. యాప్ పెట్టి "దించుకోండి" అని ఊరుకునే బడులు ఈ సంగతి గమనించాలి. అలా దించుకునేది ఎలాగూ పట్టించుకునే తల్లిదండ్రులే.

పెద్దక్క:
మా అమ్మకు చదవడం రాదు. బడి నుంచి ఏ మెసేజ్ వచ్చినా మా తమ్ముడే చదివి వినిపిస్తాడు. "మీ అబ్బాయి మూడు రోజులుగా బడికి రావడం లేదు" అన్నదాన్ని కూడా వాడే చదివి, "రేపు సెలవట అమ్మా" అన్నాడు. నేను సెలవులకు ఇంటికి వెళ్లి ఫోను చూసేదాకా ఎవరికీ తెలియదు. ఆ బడి లెక్కలో మాత్రం సమాచారం అందినట్టే!

ఏడో తరగతి నాన్న:
మీ తమ్ముడు సామాన్యుడు కాదు. అయినా అది మెసేజ్‌ను వదిలేయడానికి కారణం కాదండీ, గొంతుతో పంపడానికి కారణం. రికార్డు చేసిన కాల్ ఇంటి భాషలో వస్తే చాలు.

పదో తరగతి అమ్మ:
నా బాధ వేరు. మా అమ్మాయి బస్సు దిగేలోపే దాని మార్కులు నా ఫోనులో ఉంటాయి. గుమ్మంలోకి రాగానే నా ముఖం చూసి గదిలోకి వెళ్లిపోతుంది. ఇదివరకు తనే వచ్చి, అటూ ఇటూ తిప్పి, చివరికి చెప్పేది. ఎక్కడ తప్పిందో కూడా ఆ మాటల్లోనే తెలిసేది. హాజరు వెంటనే చెప్పండి, అది భద్రతకు సంబంధించినది. మార్కులు ఒక రోజు ఆగితే ఏ కొంపా మునగదు.

సైన్సు టీచర్:
నాకూ ఇదే సబబుగా ఉంది. గైర్హాజరు సంగతి మొదటి పీరియడ్ అయ్యేసరికి దానంతటదే వెళ్లాలి. మార్కులు వారానికోసారి చాలు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టే వీలు ఉంది, దాన్ని వాడితే ధన్యవాదాల వరద ఆగుతుంది. ప్రశ్నలుంటే బడి వేళల్లో ఆఫీసు నంబరుకు పంపవచ్చు.

ఏడో తరగతి నాన్న:
వారం అంటే ఎక్కువ. పిల్ల వెనకబడుతోందని సోమవారమే తెలిస్తే శనివారం దాకా ఎందుకు ఆగాలి?

సైన్సు టీచర్:
అంత అవసరమైతే నేనే ఫోను చేస్తాను. అలాంటి మాట మెసేజ్‌లో చెప్పలేను.

ఏడో తరగతి నాన్న:
తరగతి నిండా పిల్లలుంటే ఫోను చేసే తీరిక మీకెక్కడిది?

సైన్సు టీచర్:
మేం అడుగుతున్నదీ అదే. వారానికి ఒక్క పీరియడ్ ఫోన్ల కోసం ఖాళీగా ఇవ్వమన్నాం. "యాప్ ఉందిగా" అన్నారు.