"తీవ్ర పరిస్థితుల్లో పదార్థాలు" మీద సెమినార్ ఇవ్వాలి, ఏం ఉంచాలో ఏం తీసేయాలో తెలియడం లేదు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. వచ్చే గురువారం కాక ఆపై గురువారం మా డిపార్ట్‌మెంట్‌లో నా సెమినార్. 20 నిమిషాలు చెప్పాలి, ఆ తర్వాత 10 నిమిషాలు ప్రశ్నలు. టాపిక్ పైన రాసినదే. ఇప్పటికే 38 స్లయిడ్లు అయినాయి. రాకెట్, అణు రియాక్టర్, జెట్ ఇంజిన్, సముద్రం అడుగు, చంద్రుడి మీద రాత్రి, అన్నీ పెట్టినాను. నిన్న హాస్టల్లో ఫ్రెండ్స్ ముందు చెప్పి చూసుకున్నాను. అయిపోయినాక ఏం గుర్తుందే అని అడిగితే ఒకమ్మాయి "చాలా వేడి, చాలా చలి" అనింది, అంతే.

పోయిన నెల ఏర్పేడు వైపు ఒక సంస్థలో ఇదే విషయం మీద సెమినార్ ఉందంటే ఆశగా పోయినాను. పది నిమిషాల తర్వాత ఒక్క గ్రాఫూ అర్థం కాలేదు. నా సెమినార్ విన్నవాళ్లకు అట్లా కాకూడదు.

ఇంకొకటి. మా సార్ కచ్చితంగా అడిగే ప్రశ్న ఇది: జెట్ ఇంజిన్ బ్లేడు మీదికి వచ్చే వాయువు ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ వేడిగా ఉంటుంది కదా, మరి బ్లేడు ఎందుకు కరగదు? నా దగ్గర సరైన జవాబు లేదు. ఎవరైనా సాయం చేయండి.

మెకానికల్ బీటెక్, శ్రీకాళహస్తి

అక్కా, శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది కదా. రాకెట్ ఒక్కటి తీసుకుని మిగతావి తీసేయండి. అందరూ ఆసక్తిగా వింటారు.

మెటలర్జీ పరిశోధక విద్యార్థి

రాకెట్ మంచిదే, కానీ రాకెట్ అన్నది కూడా పెద్ద మూటే. వస్తువును బట్టి కాకుండా, పదార్థం ఎట్లా ఓడిపోతుంది అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. సాగిపోవడం, పెళుసై విరగడం, తుప్పు తినేయడం, రేడియేషన్‌కు ఉబ్బడం, వీటిలో ఒక్కటి చాలు. ఫిజిక్స్ వాళ్లకు నేను సాగిపోవడాన్నే చెప్తాను, అంటే క్రీప్. లెక్క ఉంది, బొమ్మ ఉంది, కథ కూడా ఉంది.

మొదటి స్లయిడ్‌లో సీసం పెట్టండి. సీసం కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 600 కెల్విన్. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు అనుకుంటే 313 కెల్విన్. అంటే కరిగే ఉష్ణోగ్రతలో సగం దాటేసినాము. లోహాలు సుమారు 0.4 వంతు దాటినాక, వాటి మీద బరువు ఏమీ పెరగకపోయినా, కాలం గడిచేకొద్దీ నెమ్మదిగా సాగుతూ పోతాయి. అందుకే పాత సీసం గొట్టాలను సరైన ఆధారం లేకుండా వేలాడదీస్తే ఏళ్లు గడిచేసరికి తమ బరువుకే కిందికి వంగిపోతాయి. అదే టంగ్‌స్టన్ 1000 డిగ్రీల కొలిమిలో ఉన్నా 0.35 వంతు కూడా చేరదు, ఎందుకంటే అది కరిగేది 3422 డిగ్రీల దగ్గర. సీసానికి మన వీధిలో ఎండే తీవ్ర పరిస్థితి, టంగ్‌స్టన్‌కు ఆ కొలిమి ఇంకా చల్లనిదే. ఈ ఒక్క పోలిక కుదిరితే "తీవ్రం" అన్న మాటకు అర్థం ఏమిటో వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

ఇక బ్లేడు. అధునాతన ఇంజిన్లలో వాయువు 1500 డిగ్రీలు దాటుతుంది, నికెల్ సూపర్ అల్లాయ్ 1300 చుట్టుపక్కల కరగడం మొదలుపెడుతుంది. కరగకుండా కాపాడేవి రెండు. కంప్రెసర్ నుంచి కొంత గాలిని మళ్లించి బ్లేడు లోపల సన్నని దారుల్లో పంపి, పైన ఉన్న చిన్న చిన్న రంధ్రాల గుండా బయటికి వదులుతారు. ఆ గాలి బ్లేడు మీద పల్చని దుప్పటిలా పరుచుకుంటుంది. అది చాలదని పైన యిట్రియా కలిపిన జిర్కోనియా పూత, వేడిని చాలా తక్కువగా దాటనిచ్చే సెరామిక్. ఇంతా చేసినాక కూడా లోహం బాగా వేడిగానే ఉంటుంది, తిరిగే వేగానికి బయటికి లాగుడు ఉంటుంది. అక్కడ మళ్లీ క్రీప్. లోహంలో చిన్న చిన్న స్ఫటికాలు ఒకదానికొకటి ఆనుకునే చోట్లను గ్రెయిన్ సరిహద్దులు అంటారు, వేడిలో అవి బలహీనం కాబట్టి సరిహద్దులే లేకుండా బ్లేడు మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. మన దేశంలోనూ చేస్తున్నారు. హైదరాబాద్‌లోని రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఇట్లాంటి 60 బ్లేడ్లు విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. మీ సార్‌కు ఈ వరుసలోనే చెప్పండి: మొదట గాలి, తర్వాత పూత, తర్వాత స్ఫటికం.

రిటైర్డ్ బాయిలర్ ఇంజనీర్, చిత్తూరు

అమ్మా, పై అబ్బాయి బాగా చెప్పినాడు. నాకు తెలిసిన చోటి నుంచి ఒక కథ ఇస్తాను, నచ్చితే వాడుకో.

థర్మల్ స్టేషన్‌లో సూపర్ హీటర్ ట్యూబులు ఉంటాయి. లోపల ఆవిరి, బయట మంట. ట్యూబు పగిలిందంటే యూనిట్ ఆపాల్సిందే. ఆపినాక, చల్లారినాక లోపలికి పోయి పగిలిన చోటు చూస్తాము. చేప నోరు తెరిచినట్టు ఉంటుంది, మేము దాన్ని ఫిష్ మౌత్ అనే అంటాము. ఆ నోటి అంచులు కత్తిలా పల్చగా ఉంటే, ట్యూబులో ఏదో అడ్డం పడి ఆవిరి ఆగి, కొద్దిసేపట్లోనే విపరీతంగా కాలి పగిలిందని అర్థం. అంచులు మందంగా ఉండి, చుట్టూ పైపొర ఎండిన చెరువు నేలలా పగుళ్లు వేసి ఉంటే, అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఎక్కువ వేడి తిని సాగి సాగి పోయిందని. అదే మీ క్రీప్.

ఆ కొంచెం ఎక్కువ వేడి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పు. ట్యూబు లోపలి గోడకు ఆవిరి తగిలి ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. ఆ పొర వేడిని ఆవిరికి సరిగ్గా పోనివ్వదు, కాబట్టి లోహం ఇంకొంచెం వేడెక్కుతుంది, వేడెక్కితే పొర ఇంకా పెరుగుతుంది. కాబట్టి వేడి, ఒత్తిడి, కాలం, చుట్టూ ఉన్న ఆవిరి, ఈ నాలుగింటినీ విడదీసి చెప్పొద్దు.

ఎంత తేడా వస్తుందో నువ్వే లెక్క కట్టు. వేడిని బట్టి లోహం ఎన్ని గంటలు నిలుస్తుందో అంచనా కట్టే లార్సన్-మిల్లర్ సూత్రం ఉంది కదా, ఉష్ణోగ్రతను 20 ప్లస్ లాగ్ గంటలతో గుణించడం. ఒత్తిడి మారకపోతే ఆ విలువ మారదు. ఒక ట్యూబు 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు నిలుస్తుందనుకో. 560 అయితే ఎంతకాలం?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

సార్, చాలా థాంక్స్. లెక్క కట్టినాను. లక్షకు లాగ్ 5, కాబట్టి 540 ఇంటూ 25 అంటే 13,500. దాన్ని 560తో భాగిస్తే 24.1. అంటే లాగ్ 4.1, సుమారు 12,800 గంటలు. సరేనా?

మెటలర్జీ పరిశోధక విద్యార్థి

దారి సరిగ్గానే ఉంది, ఉష్ణోగ్రత మాత్రం కెల్విన్‌లో పెట్టాలి. 540 అంటే 813, దాన్ని 25తో గుణిస్తే 20,325. 560 అంటే 833. భాగిస్తే 24.4. లాగ్ 4.4 అంటే దగ్గర దగ్గర 25,000 గంటలు. లక్ష గంటలంటే పదకొండేళ్ల పైన, ఇది మూడేళ్లు కూడా లేదు. 20 డిగ్రీలకు ఆయుష్షు నాలుగో వంతుకు పడిపోయింది. బోర్డు మీద ఈ లెక్కను చేత్తో వేయండి, స్లయిడ్‌లో పెట్టకండి. మీరు సున్నా తర్వాత సున్నా రాస్తుంటే వెనక బెంచీ వాళ్లు కూడా తల ఎత్తి చూస్తారు. సెల్సియస్ పెడితే తప్పు జవాబు వస్తుందన్నది కూడా చెప్పండి, ఎవరో ఒకరు అదే తప్పు చేసి ఉంటారు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

కెల్విన్ నిజంగా మరిచిపోయినాను, మంచిగా ఇక్కడే తెలిసింది. స్లయిడ్లు 11కు తెచ్చినాను: సీసం, టంగ్‌స్టన్, ట్యూబు, లెక్క, బ్లేడు. చలి మొత్తం తీసేసినాను. కానీ ప్రశ్నల్లో ఎవరైనా "మరి చలి సంగతి?" అంటే?

మెటలర్జీ పరిశోధక విద్యార్థి

దానికి చివరి స్లయిడ్ తర్వాత రెండు అదనపు స్లయిడ్లు దాచిపెట్టుకోండి. ఒకటి ద్రవ హైడ్రోజన్ ట్యాంకు. మైనస్ 253 డిగ్రీల దగ్గర మామూలు కార్బన్ స్టీల్ గాజులా పగిలిపోతుంది. లోహం విరగకుండా వంగాలంటే స్ఫటికంలోని డిస్‌లొకేషన్లు, అంటే పరమాణువుల వరుస తప్పిన గీతలు, కదలాలి; దాని స్ఫటిక నిర్మాణంలో అవి కదలాలంటే వేడి సాయం కావాలి, ఆ చలిలో అది దొరకదు. ముఖకేంద్రిత నిర్మాణం (ఘనం మూలల్లోనూ ముఖాల మధ్యలోనూ పరమాణువులు) ఉన్న అల్యూమినియం, ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీల్‌లో ఆ ఇబ్బంది రాదు. అందుకే అటువంటి ట్యాంకులకు అవి వాడతారు. రెండోది అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్. 1986 జనవరి 28న బూస్టర్ రాకెట్ కీలు సందును మూసే రబ్బరు ఓ-రింగ్ చలికి బిగుసుకుని, వెంటనే తిరిగి పొంగలేక, వేడి వాయువు బయటికి తన్నింది. ఏడుగురు చనిపోయినారు. విచారణలో భౌతిక శాస్త్రవేత్త ఫేన్‌మన్ ఆ రకం రబ్బరు ముక్కను ఐస్ నీళ్లలో ముంచి చూపించినాడు. నీళ్లు గడ్డకట్టే చలికే ఆ రబ్బరుకు తీవ్ర పరిస్థితి వచ్చేసింది. సీసం కథకు ఇది సరిగ్గా జత.

మెకానికల్ బీటెక్, శ్రీకాళహస్తి

అక్కా, ఏర్పేడులో ఈసారి సెమినార్ ఉంటే నాకూ చెప్పండి, మా ఊరి నుంచి బస్సులో దగ్గరే. కానీ నాకు కూడా గ్రాఫులు అర్థం కావు అని భయం.

రిటైర్డ్ బాయిలర్ ఇంజనీర్, చిత్తూరు

పో నాయనా, భయమెందుకు. బయటి కాలేజీ వాళ్లయితే ముందుగా ఆ డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ పెట్టి రావచ్చా అని అడుగు, ఐడీ కార్డు మరిచిపోవద్దు. గ్రాఫు రాగానే గీతను చూడొద్దు. అడుగున ఏం రాసినారు, పక్కన ఏం రాసినారు, అది చూడు. చాలాసార్లు ఆ గీతలు లాగ్ కొలతలో ఉంటాయి, ఒక గడి జరిగితే పదింతలు. అది పట్టుకుంటే సగం అర్థమైనట్టే. నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసి పెట్టుకో: ఎంత వేడి, ఎంత ఒత్తిడి, ఎంతకాలం, చుట్టూ ఏముంది. చెప్పేవాళ్లు ఏ గడి నింపకుండా వదిలేస్తారో, చివర్లో లేచి అదే అడుగు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇట్లాగే అడిగేవాణ్ని, ఎవరూ విసుక్కోలేదు.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ విద్యార్థిని, తిరుపతి

ఆ నాలుగు గడులు నా రెండో స్లయిడ్‌లో పెడుతున్నాను సార్. ఒక్కో ఉదాహరణకు ఒక్కో గడి నింపుకుంటూ పోతాను. సాయంత్రం హాస్టల్లో మళ్లీ అదే అమ్మాయి ముందు చెప్పి చూస్తాను.