అల్యూమినియం నురుగు తయారీ: పొంగింది, నిలవలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

ప్రశ్న (శ్రీకాకుళం, మెకానికల్ అధ్యాపకుడు)

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక కళాశాలలో ప్రొడక్షన్ పాఠాలు చెబుతున్నాను. ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థులు నలుగురు లోహపు నురుగును, అంటే లోపలంతా చిన్న చిన్న ఖాళీ గదులతో స్పాంజిలా ఉండే అల్యూమినియాన్ని, తామే తయారు చేసి కంప్రెషన్ పరీక్ష, అంటే నొక్కి చూసే పరీక్ష, చేస్తామని ముందుకు వచ్చారు. మా వర్క్‌షాపులో రెండు కిలోల మూస పట్టే కరెంటు ఫర్నేసు, పదార్థాలను నొక్కి, లాగి బలం కొలిచే యూటీఎం యంత్రం ఉన్నాయి.

మేము చేసింది ఇది. 800 గ్రాముల అల్యూమినియం సిలికాన్ మిశ్రలోహాన్ని సుమారు 690 డిగ్రీల దగ్గర కరిగించి, వేడికి హైడ్రోజన్ వదిలి బుడగలు పుట్టించే టైటానియం హైడ్రైడ్ పొడిని 12 గ్రాములు పలుచని అల్యూమినియం రేకులో చుట్టి అందులో ముంచి, డ్రిల్లు మిషనుకు బిగించిన స్టీలు రెక్కతో అర నిమిషం తిప్పాము. పాలు పొంగినట్టు ఒక్కసారిగా మూస అంచు దాకా వచ్చింది, పిల్లలు కేకలు వేశారు. నిమిషం తిరగకుండానే కుంగిపోయింది. చల్లారాక నిలువుగా కోసి చూస్తే అడుగున రెండు వేళ్ల మందాన గట్టి లోహం, దాని పైన నిమ్మకాయ పట్టేంత ఖాళీలు, అన్నిటి కన్నా పైన కాగితం లాంటి పొర కనిపించాయి. మూడు సార్లు చేసినా ఇదే ఫలితం. పొడి పాళ్లు పెంచాలా, వేడి తగ్గించాలా, అసలు దారే మార్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. దీనిని నిజంగా ఎక్కడ వాడతారని పిల్లలు అడిగితే పుస్తకంలోని జాబితా కాకుండా నమ్మకంగా చెప్పగలిగిన జవాబు కూడా నాకు కావాలి.

జవాబు 1 (గరివిడి, పోతపనిలో పనిచేసి విరమించిన ఇంజనీరు)

మాస్టారూ, మీ దగ్గర బుడగ పుట్టడంలో లోపం లేదు, బుడగను పట్టి ఉంచేది లేకపోవడమే లోపం. కరిగిన అల్యూమినియం నీళ్లంత పలుచగా పారుతుంది. బుడగల మధ్య ఉండే పలుచని గోడల్లోంచి ఆ ద్రవం కిందికి జారిపోతూ ఉంటుంది, గోడ పలచబడి తెగుతుంది, రెండు బుడగలు ఒకటవుతాయి, ఆ ఒక్కటి ఇంకొకదానిని కలుపుకుంటుంది. మీరు కోసి చూసిన ముక్కలో అడుగున గట్టి లోహం, పైన నిమ్మకాయంత ఖాళీలు ఉండడం ఈ కథ అంతా రాసిపెట్టినట్టే ఉంది. మైసూరుపాకు చేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు: పాకం ముదరక ముందు కాగిన నెయ్యి ఎంత పోసినా బుడగ నిలవదు. కాబట్టి పొడి పాళ్లు పెంచితే మూస మీదికి పొర్లడం తప్ప లాభం ఉండదు.

ముందు కరుగును, అంటే కరిగిన లోహాన్ని, చిక్కబరచాలి. జపానులో ఆల్పొరాస్ పేరుతో తయారైన నురుగులో చేసేది ఇదే. కరుగును 680 డిగ్రీల దగ్గర ఉంచి బరువులో 1.5 శాతం కాల్షియం లోహం వేసి, గాలి తగిలేలా కొన్ని నిమిషాలు తిప్పుతారు. కాల్షియం ఆక్సైడు, కాల్షియం అల్యూమినేట్ లాంటి సన్నని ఘన రేణువులు ఏర్పడి కరుగు చిక్కదనం అయిదు రెట్ల దాకా పెరుగుతుంది. అప్పుడు 1.6 శాతం టైటానియం హైడ్రైడ్ వేసి కలిపి, మూసిన అచ్చులో సుమారు పావుగంట పొంగనిచ్చి, ఫ్యాన్లతో చల్లారుస్తారు. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.2 గ్రాముల దాపులో, అంటే గట్టి అల్యూమినియంలో పదో వంతు కన్నా తక్కువ ఉంటుంది.

ఇంకొక మాట. టైటానియం హైడ్రైడ్ మీ కరుగు వేడికి ఎంతో ముందే, 450 డిగ్రీల చుట్టుపక్కలే హైడ్రోజన్ వదలడం మొదలుపెడుతుంది. పొడి అంతటా కలవక ముందే వాయువులో చాలా భాగం పోతుంది. పొడిని గాలిలో 480 డిగ్రీల దగ్గర మూడు గంటలు వేడి చేస్తే రేణువు చుట్టూ ఆక్సైడు పొర కట్టి, హైడ్రోజన్ విడుదల ఆలస్యమవుతుంది. హైడ్రైడ్ ఖరీదు మోయలేనిదైతే కాల్షియం కార్బొనేట్ పొడి వాడవచ్చు. అది 700 డిగ్రీల పైన కార్బన్ డయాక్సైడు వదులుతుంది, ఆ వాయువు బుడగ లోపలి గోడను కొద్దిగా ఆక్సీకరించి గోడకు బలం కూడా ఇస్తుంది.

అర నిమిషం కలపడం గురించి కూడా చెప్పాలి. పొడి పడిన తరువాత కలపడానికి ఉండే సమయం చాలా తక్కువ, అందువల్ల రెక్క ఆకారం, వేగం ముందే ఉత్త కరుగులో సరిచూసుకోవాలి. హైడ్రోజన్ మండుతుంది, కాల్షియానికి తేమ తగలకూడదు. విద్యార్థులను ముఖానికి అడ్డు పెట్టుకోకుండా మూస దగ్గరికి రానివ్వకండి.

జవాబు 2 (విజయనగరం, మెటలర్జీ పరిశోధకురాలు)

పెద్దాయన చెప్పినదంతా సరైనదే. కానీ మాస్టారూ, రెండు కిలోల మూసతో, ఒక్క సెమిస్టరులో, నాలుగు సార్లు చేస్తే నాలుగు సార్లూ ఒకే రకం ముక్క రావాలంటే నేనైతే ఉప్పు దారి పడతాను. ఉప్పు 801 డిగ్రీల దగ్గర గాని కరగదు, అల్యూమినియం 660 దగ్గరే కరుగుతుంది, మీ మిశ్రలోహం ఇంకా ముందే కరుగుతుంది. ఉప్పు రవ్వలను అచ్చులో నింపి, వాటి సందుల్లోకి కరుగును పంపి, గట్టిపడ్డాక ఉప్పును నీటితో కడిగేస్తే రవ్వ ఉన్న చోటల్లా గది మిగులుతుంది. గది ఎంత ఉండాలో జల్లెడే నిర్ణయిస్తుంది, మీకు అదృష్టం మీద ఆధారపడే పని ఉండదు.

ఉప్పు మీ జిల్లాలోనే ఉంది. నౌపడ మడుల కల్లుప్పు తెచ్చుకోండి, అయితే తెచ్చినది తెచ్చినట్టు వాడవద్దు. మడి ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు ఉంటుంది, అది తేమ పట్టి ఉంచుతుంది, వేడి చేస్తే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీటితో రెండు సార్లు కడిగితే రవ్వ కరగకుండా మెగ్నీషియం పోతుంది. తరువాత నెమ్మదిగా వేడెక్కించాలి, ఎందుకంటే స్ఫటికం లోపల చిక్కుకున్న ఉప్పునీటి చుక్కలు ఆవిరై రవ్వను పటపటా పగలగొడతాయి. మూత పెట్టిన పళ్లెంలో ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉంచి, అప్పుడు జల్లించి, రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల రవ్వను ఏరుకోండి. తడి ఉప్పు మీద కరిగిన అల్యూమినియం పోస్తే పేలుడు జరుగుతుంది; ఈ ఒక్క విషయంలో తొందర పనికిరాదు.

ఉప్పు నింపిన అచ్చును కరుగు వేడికి దగ్గరగా వేడి చేసి ఉంచాలి, లేకపోతే లోహం పై వరుసలోనే గడ్డకడుతుంది. కరిగిన అల్యూమినియం ఉప్పును తడపదు, దానంతట అది సందుల్లోకి దిగదు, కొంత ఒత్తిడి కావాలి. రవ్వ సన్నబడేకొద్దీ కావలసిన ఒత్తిడి పెరుగుతుంది. రెండు మిల్లీమీటర్ల రవ్వకైతే అడుగు నుంచి చిన్న వ్యాక్యూమ్ పంపుతో పీల్చినా సరిపోతుంది. రవ్వలు ఒకదానినొకటి తాకుతూ ఉండాలన్నది మరచిపోవద్దు. ఒంటరిగా లోహంలో మునిగిన రవ్వకు నీరు చేరదు, లోపల మిగిలిన ఆ ఉప్పు తరువాత లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది.

జవాబు 3 (సొంత ఊరు బొబ్బిలి, ప్రస్తుతం వాహన భాగాల పరీక్షల్లో పని)

వాడుక గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఈ ఇద్దరూ చెప్పినవి రెండు వేర్వేరు పదార్థాలు, ఒకదానికి బదులు ఇంకొకటి కాదు. పొంగించిన నురుగులో గదులు మూసుకుని ఉంటాయి, ఉప్పు కడిగిన దానిలో తెరుచుకుని ఉంటాయి. ఏ పనికి కావాలో ముందు తేల్చుకుంటే తయారీ దారి దానంతట అదే తేలుతుంది.

మూసిన గదుల నురుగు గొప్పతనం దెబ్బ తినడంలో ఉంది. దానిని నొక్కుతూ పోతే నొక్కడానికి కావలసిన బలం మొదట పెరుగుతుంది, తరువాత గదులు వరుస తరువాత వరుస నలుగుతూ, ముక్క ఎత్తు దాదాపు సగం తగ్గేదాకా బలం ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుంది. గదులన్నీ నలిగి గోడకు గోడ తాకాక మాత్రమే ఒక్కసారిగా పెరుగుతుంది. ఢీకొన్నప్పుడు బండిలోని మనిషికి అందే బలాన్ని ఒక హద్దులో ఉంచి శక్తిని మింగడమంటే ఇదే. దెబ్బ ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తుందని ఖాయమైతే తేనెపట్టు అల్లిక తక్కువ బరువులో ఇంకా మెరుగు. దిక్కు తెలియని దెబ్బకు నురుగు మంచిది. జపానులో ఎత్తయిన రహదారి వంతెనల అడుగున చప్పుడు తగ్గించే పలకలుగా కూడా దీనిని అమర్చారు. మూసిన గది ధ్వనిని బాగా పీల్చదు కాబట్టి అలాంటి పలకను రోలర్ల మధ్య కొద్దిగా నొక్కి గోడలకు పగుళ్లు తెప్పిస్తారు.

తెరిచిన గదులదైతే ద్రవం పారే పనులు: వేడి మార్పిడి, వడపోత. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీల్లో ఎలక్ట్రోడు ఆధారంగా వాడేది నికెల్ నురుగే. పాలీయురెథేన్ స్పాంజి మీద నికెల్ పూత ఎక్కించి, లోపలి స్పాంజిని కాల్చివేసి దానిని చేస్తారు. వైద్యంలో టైటానియం నురుగు వాడడానికి కారణం తెలుసుకుంటే పిల్లలకు ఆసక్తి కలుగుతుంది. గట్టి టైటానియం బిగువు, అంటే భారానికి వంగకుండా, సాగకుండా నిలిచే గుణం, 110 గిగాపాస్కల్స్, ఎముకది అందులో అయిదో వంతు కూడా ఉండదు. భారమంతా లోహమే మోస్తే పక్క ఎముక పని లేక క్షీణిస్తుంది. రంధ్రాలు ఉంటే బిగువు తగ్గుతుంది, ఎముక లోపలికి పెరుగుతుంది కూడా. ఎంత తగ్గుతుందో అంచనాకు గిబ్సన్, ఆష్బీల సూత్రం ఉంది: తెరిచిన గదులకు బిగువు, సాపేక్ష సాంద్రత (గట్టి లోహంతో పోలిస్తే నురుగు సాంద్రత ఎన్నో వంతు అన్నది) వర్గంతో పాటు మారుతుంది. సాంద్రత మూడో వంతైతే బిగువు తొమ్మిదో వంతు.

ప్రశ్న వేసినవారు (మూడు వారాల తరువాత)

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఉప్పు దారిలో వెళ్లాము. 50 మిల్లీమీటర్ల వ్యాసం, 60 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ముక్క వచ్చింది. పారే గోరువెచ్చని నీటిలో మొదటి రోజు ఉంచి ఆరబెట్టి తూచితే 121 గ్రాములు, రెండో రోజు 112, మూడో రోజు 108, నాలుగో రోజు కూడా 108. ఉప్పు ఇంకా ఉందా అని కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే రెండో రోజు దాకా తెల్లగా విరిగింది, నాలుగో రోజు తేటగా ఉండిపోయింది. లెక్క వేస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.92 గ్రాములు, గట్టి లోహంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ. ఒక వైపు నోటితో ఊదితే రెండో వైపు పెట్టిన అరచేతికి గాలి తగులుతోంది. సోమవారం యూటీఎం మీద పెడుతున్నాము. అచ్చు గోడ వైపు అర మిల్లీమీటరు నున్నటి పొర మిగిలింది, దానిని ఉంచాలా, తీసేయాలా?

జవాబు 2 (విజయనగరం)

తప్పకుండా తీసేయండి మాస్టారూ. ఆ పొర ఉంటే మీరు కొలిచేది నురుగును కాదు, నురుగు నింపిన గొట్టాన్ని. లేతుమీద గాని హాక్సాతో గాని తీస్తే గోడలు నలిగి రంధ్రాలు పూడుకుపోతాయి, వైర్ కటింగ్ (సన్నని తీగ నుంచి వచ్చే కరెంటు నిప్పురవ్వలతో కోసే యంత్రం) దొరికితే దానితోనే చేయించండి. పొర తీశాక వ్యాసం, ఎత్తు, బరువు మళ్లీ కొలిచి సాంద్రతను కొత్తగా లెక్క కట్టండి. ముక్క అడ్డంగా కనీసం పది గదులుండడం మంచిది. రెండు మిల్లీమీటర్ల రవ్వ వాడారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. ఒక్క ముక్కతో ఆగకుండా మూడు ముక్కలైనా నొక్కి, మూడు గీతలనూ ఒకే గ్రాఫు మీద పెట్టి ఇక్కడ పంచుకోండి.