టెక్కలి రాళ్లలో ఒక్క ఎముక కూడా ఎందుకు దొరకదు?

క్వారీ_నాన్న (టెక్కలి):
అందరికీ నమస్కారం. నేను టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో పదకొండేళ్లుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. వైర్ సాతో బ్లాకు కోసి నీళ్లు కొట్టగానే ఆ నీలి ఛాయ తేలుతుంది చూడండి, ఇన్నేళ్లయినా ఒక్క నిమిషం ఆగి చూస్తాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న క్యారేజీ తెచ్చినప్పుడు అడిగింది, "నాన్నా, ఇన్ని రాళ్లు కోసినారు గదా, ఒక్క ఎముకైనా అగుపడలేదేటి?" అని. ఇది కరిగి గడ్డకట్టిన రాయమ్మా, ఎముక ఉండదు అన్నాను. మరి చుట్టూ ఉన్న కొండలు కూడా అంతేనా, వాటిలో అయినా ఏదో ఒక ప్రాణి గుర్తు ఉండాలి కదా అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంకొకటి కూడా అడిగింది. భూమ్మీద అన్నీ చచ్చిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయంటారు కదా, మరి మనం ఎలా మిగిలాం? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఆ పిల్లకు చదివి వినిపిస్తాను.

కొండరాయి:
అన్నా, నేను ఎమ్మెస్సీ జియాలజీ చదివాను, మన కొండల మీదే ప్రాజెక్టు చేశాను కాబట్టి ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

మీరు కోసే రాయి సంగతి మీరు సరిగ్గానే చెప్పారు. చుట్టూ ఎర్రగా పుచ్చిపోయి గ్రావెల్‌లా రాలే కొండలున్నాయే, వాటిలో ఎక్కువ భాగం ఖొండలైట్. వాకర్ అనే ఆయన 1902లో ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది, కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ రాయితోనే. ఇది మొదట రాయి కాదు, సముద్రం అడుగున పేరుకున్న బురద. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం మన నేల, ఇప్పటి తూర్పు అంటార్కిటికా ఒకదానికొకటి గుద్దుకుని అతుక్కున్నప్పుడు ఆ బురద పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. అక్కడ కొన్ని చోట్ల 900 డిగ్రీలు దాటిన వేడి. ఆ వేడికి బంకమట్టి కాస్తా గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలుగా మారిపోయింది. తర్వాత సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం మనం అంటార్కిటికా నుంచి విడిపోయాం కానీ, అక్కడి తీరంలో మన కొండల తోబుట్టువులు ఇప్పటికీ ఉన్నాయి.

డైనోసార్లు వచ్చింది సుమారు 23 కోట్ల ఏళ్ల క్రితం. అసలు ఎముక అనేదే లేని కాలంలో ఈ బురద పేరుకుంది, అందుకే ఎంత తవ్వినా దొరకదు. ఎముకలు చూడాలంటే గోదావరి లోయకు పోవాలి, ఆదిలాబాద్ వైపు దొరికిన కోటాసారస్ అనే డైనోసార్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

అలాగని మన కొండల్లో ప్రాణి గుర్తు లేదనుకోవద్దు. ఇది మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఖొండలైట్‌లో అక్కడక్కడా నల్లగా మెరిసే రేకులుంటాయి, వేలితో రుద్దితే మసి అంటుకుంటుంది. అది గ్రాఫైట్, పెన్సిల్ ముల్లులో ఉండేదే. గ్రాఫైట్ అంటే కార్బనే, కార్బన్ అణువుల్లో తేలికవీ బరువైనవీ ఉంటాయి. ఇందులో తేలిక రకం ఎక్కువగా కనిపిస్తుంది, జీవులు ఒంట్లోకి తీసుకునేది ఆ తేలిక రకాన్నే ఎక్కువ. కాబట్టి అందులో కొంతైనా ఆనాటి సముద్రంలో బతికిన సూక్ష్మజీవుల ఒళ్లు అని అర్థం. ఆకారం మొత్తం వేడికి పోయింది, పదార్థం మిగిలింది.

గరివిడి_వాసి:
పై జవాబు చదివి మా నాన్న గుర్తొచ్చారు. ఆయన మాంగనీసు గనిలో చేసి రిటైరయ్యారు, సాయంత్రం ఇంటికొస్తే గోళ్ల సందుల్లో నలుపు ఎంత కడిగినా పోయేది కాదు. మా విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1892లోనే మొదలైంది, మా కోడూరు పేరు మీద కోడూరైట్ అనే రాయి కూడా ఉంది.

రెండో ప్రశ్నకు నా వంతు. ఆక్సిజన్ లేని నీళ్లలో మాంగనీసు కరిగే ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే నల్లటి ముద్దగా అడుగుకు దిగుతుంది. మొదట్లో భూమ్మీద గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఎండతో తిండి చేసుకుంటూ దాన్ని వదిలేవి, సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం గాలిలో నిలబడటం మొదలైంది. అప్పటిదాకా బతికినవాటిలో చాలావాటికి అది విషం! కొన్ని బురదలోకీ లోతుల్లోకీ తప్పుకున్నాయి, వాటి వారసులు ఇప్పటికీ మన పేగుల్లో, చెరువు అడుగు మట్టిలో ఉన్నాయి. ఆ విషాన్నే వాడుకోవడం నేర్చుకున్నవాటి వంశమే మనం. మా మాంగనీసు సరిగ్గా ఆ రోజుల్లోనే పేరుకుందని నేను అనడం లేదు, పేరుకునే పద్ధతి మాత్రం అదే.

బారువ_టీచర్:
నాకు ఒక్క మాట సరిచేయాలనిపించింది. "అన్నీ చచ్చిపోయిన" అని పిల్లలకు చెప్పకండి, అలా ఒక్కసారి కూడా జరగలేదు. అన్నిటికన్నా ఘోరం సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం, సైబీరియాలో లావా పొంగి సముద్ర జీవజాతుల్లో పదికి తొమ్మిది దాకా పోయాయి. అప్పుడు మిగిలినవాటి నుంచే ఇప్పుడున్నవన్నీ.

మా బారువ తీరానికి ఏటా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకసారి మా పిల్లల్ని తెల్లవారుజామున తీసుకెళ్లాను, అరచేతిలో సగం కూడా లేని పిల్ల ఇసుకలో రెక్కలు కొట్టుకుంటూ, ఒక మనిషి అడుగు గుంటలో పడి, లేచి, మళ్లీ నీళ్ల వైపే తిరిగింది. సముద్రపు తాబేళ్ల వంశం 10 కోట్ల ఏళ్లకు పైబడినది. అంటే 6.6 కోట్ల ఏళ్ల క్రితం మెక్సికోలో చిక్షులుబ్ దగ్గర పది కిలోమీటర్ల పైచిలుకు ఉల్క పడి, మసికీ ధూళికీ ఎండ తగ్గిపోయి మొక్కలు చచ్చి, డైనోసార్లు ఆకలితో పోయినప్పుడు ఇవి దాటుకుని వచ్చాయి. తక్కువ తిండితో, నెమ్మదిగా, నీళ్లలో బతికేవి కాబట్టి. మనకు పూర్వీకులైన పాలిచ్చే జంతువులు కూడా అప్పుడు చిన్నవే, ఏది దొరికితే అది తినేవి.

ఆ రోజుల్లోనే దక్కన్ లావా పడమటి నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి దగ్గర నల్లరాయి పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి ఉంది. మీ అమ్మాయికి నిజమైన ప్రాణి గుర్తు చూపించాలంటే అక్కడికి తీసుకెళ్లండి.

కాకినాడ_మెడికో:
చిన్న ముచ్చట. ప్రాణం వేడి పలచటి సముద్రంలో పుట్టి ఉంటుందని 1929లోనే రాసిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ చివరికి మన దేశానికే వచ్చేశారు, 1964లో భువనేశ్వర్‌లో పోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని ఇక్కడి రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

క్వారీ_నాన్న (టెక్కలి):
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఆదివారం పొద్దున్నే ఊరి వెనక కొండకు రోడ్డు కోసిన చోటికి ఇద్దరం వెళ్లాం. గంటసేపు వెతికితే గోరంత నల్లరేకు ఒకటి దొరికింది. కొండరాయి తమ్ముడూ, నువ్వన్నట్టే మసి అంటింది. తను నోట్సు చివరి పేజీలో దాంతో గీత గీసి, పక్కన రేకును సెలోటేపుతో అతికించుకుంది. ఇంటికొచ్చాక వాళ్ల అమ్మ చేతులు కడుక్కోమంటే చాలాసేపు కడగలేదు.

సంక్రాంతి సెలవుల్లో కాతేరు వెళ్దామనుకుంటున్నాం. టీచర్ గారూ, ఆ పొరలు కనిపించే చోటికి బయటివాళ్లను రానిస్తారా, ముందుగా ఎవరినైనా అడగాలా?