రేడియేటర్ హోస్ పైపులకు నలుపు నిలవడం లేదు

పాత మారుతి 800, కార్బ్యురేటర్ మోడల్. బానెట్ కింద అంతా శుభ్రంగా ఉంది. రేడియేటర్ హోస్ పైపులు, వాటి క్లిప్పులే కళ చెడగొడుతున్నాయి. లీకేజీ లేదు, పగుళ్లు లేవు, పైన బూడిద రంగు పొర మాత్రమే. సబ్బునీళ్లతో రుద్ది, నీటి ఆధారిత సిలికాన్ డ్రెస్సింగ్ (రబ్బరుకు మెరుపునిచ్చే ద్రవం) పూశాను. ఇంజిన్ బాగా వేడెక్కగానే మెరుపు పోయి, దుమ్ము మరింత అంటుకుంటోంది. పెట్రోలియం పాలిష్ ఈ రబ్బరును ఉబ్బిస్తుంది కాబట్టి దాని జోలికి పోలేదు. తుప్పు పట్టిన స్క్రూ క్లిప్పులకు వేసిన వెండి రంగు పెయింట్, స్క్రూడ్రైవర్ తగలగానే పెచ్చులుగా ఊడింది. పై పైపుకు నైలాన్ అల్లిక తొడిగితే వంపు దగ్గర ముడతలు పడి, చివర్లు పీచులు లేచాయి. చూడటానికి అసలు బాగాలేదు.

ఇక నల్లటి సిలికాన్ పైపులు, లోపల నునుపు పట్టీ ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులు వేయాలనుకుంటున్నాను. రోజూ నడిపే కారుకు ఇవి వేసుకున్నవారు చెప్పండి: రెండు వేసవులు గడిచాక కూడా ఆ నలుపు నిలిచిందా?