పార్వతీపురం మన్యానికి రక్తహీనత అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. మా మహిళా సంఘాల తరఫున గ్రామసభలో పెట్టడానికి ఆడవాళ్ల రక్తహీనత మీద చిన్న నోట్ రాస్తున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. 2015-16లో 60 శాతం. అంటే దాదాపు ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం.

చిక్కంతా జిల్లా దగ్గరే. సర్వే నాటికి మనకి 13 జిల్లాలే. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మా జిల్లాలోకి గుమ్మలక్ష్మీపురం, సాలూరు విజయనగరం నుంచి, సీతంపేట శ్రీకాకుళం నుంచి వచ్చాయి. రెండు పాత జిల్లాల అంకెలకి సగటు తీసి రాసేయమని కొందరు అంటున్నారు. నాకు అది సరికాదనిపిస్తోంది. మైదాన మండలాల అంకెల కింద కొండమీది గూడేల పరిస్థితి కనబడకుండా పోతుంది. మూల డేటాని కొత్త సరిహద్దుల ప్రకారం విడదీయొచ్చా? విడదీస్తే శాంపిల్ సరిపోతుందా?

ఇంకొకటి. జిల్లా పట్టికల్లో బ్రాకెట్లో ఇచ్చే అంకెలు 25-49 మంది మీద తీసినవే. గర్భిణుల వరుసలో అలాంటివి ఉంటే పదిమందిలో చదవడం న్యాయమేనా?

ఆశా కార్యకర్తల దగ్గర ఐరన్ మాత్రలు ఇచ్చిన లెక్క ఉంటుంది. కానీ గర్భిణికి 180 మాత్రలు ఇచ్చినా, వికారంగా ఉందనో విరేచనం నల్లగా వస్తోందనో మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. మింగిన లెక్క ఊరి స్థాయిలో ఎవరైనా సేకరించి ఉంటే, ఏమేం అడిగారో దయచేసి చెప్పండి.